క్వార్టరా, సెమిస్టరా? ఎంఎస్‌కి రెండు అడ్మిట్లు వచ్చాయి, ఎటూ తేలడం లేదు

తణుకు_కుర్రాడు

అందరికీ నమస్కారం. కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న ఒక కాలేజీలో సీఎస్‌ఈ చేశాను, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈ ఫాల్‌కి, అంటే ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే చదువుకి, ఎంఎస్ అడ్మిట్లు రెండు వచ్చాయి. ఒకటి కాలిఫోర్నియాలో, క్వార్టర్ సిస్టమ్. ఇంకొకటి టెక్సాస్‌లో, సెమిస్టర్. ర్యాంకుల్లో పెద్ద తేడా లేదు. ఖర్చు కాలిఫోర్నియాలో ఎక్కువే, దాని గురించి ఇంట్లో మాట్లాడుకోవడం అయిపోయింది, కాబట్టి అది పక్కన పెట్టండి.

నా అనుమానమంతా క్యాలెండర్ మీదే. కన్సల్టెన్సీ వాళ్లని అడిగితే "అదేం పెద్ద విషయం కాదు సార్" అని తేల్చేశారు. కాలిఫోర్నియాలో ఉన్న సీనియరేమో "మొదటి క్వార్టర్ ఊపిరాడదు, తయారై రా" అంటాడు. టెక్సాస్ సీనియర్‌ని అడిగితే "సాగదీసి చెప్తారు, అక్టోబర్ కల్లా బోర్ కొడుతుంది" అంటాడు. ఎవరికి వాళ్లు వాళ్ల కాలేజీనే తిడుతుంటే నేనెవరి మాట వినాలి? దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి. చదువు బరువు, ఇంటర్న్‌షిప్, లోన్ గురించి ముఖ్యంగా.

లాహోయా_అల

తమ్ముడూ, నేను క్వార్టర్ యూనివర్సిటీలోనే ఎంఎస్ చేశాను. ముందు లెక్క చూద్దాం. క్వార్టర్ అంటే 10 వారాల క్లాసులు, 11వ వారం ఫైనల్స్. సెప్టెంబర్ చివర్లో మొదలై జూన్ మధ్యకల్లా ఫాల్, వింటర్, స్ప్రింగ్ అని మూడు క్వార్టర్లు అయిపోతాయి. నాలుగోది సమ్మర్, అది చాలామంది తీసుకోరు. సెమిస్టర్ అయితే దాదాపు 15 వారాలు, ఆగస్టు మూడో వారం నుంచి డిసెంబర్ మధ్య దాకా ఒకటి, జనవరి నుంచి మే దాకా ఇంకొకటి. ఒక సెమిస్టర్ క్రెడిట్ ఒకటిన్నర క్వార్టర్ యూనిట్‌తో సమానం. అక్కడ 30 క్రెడిట్ల డిగ్రీ ఇక్కడికొచ్చేసరికి 45 యూనిట్లు. అంటే మొత్తం చదువు అటూ ఇటూ ఒకటే. అది నెత్తిన ఎలా పడుతుందన్నదే తేడా.

ఎలా పడుతుందో విను. మొదటి క్లాసులో సిలబస్ చెప్తారు, ఆ రోజే హోమ్‌వర్క్ కూడా ఇచ్చేస్తారు. వెయిట్‌లిస్ట్‌లో ఉన్న కోర్సు దొరుకుతుందో లేదో తేలేసరికి రెండో వారం. అప్పటికి దాని మొదటి హోమ్‌వర్క్ గడువు మీద పడి ఉంటుంది, అందుకే సీటు రాకముందే అందరూ చేసి పెట్టుకుంటారు. నాలుగో వారమో ఐదో వారమో మిడ్‌టర్మ్. కొందరు ప్రొఫెసర్లు రెండు పెడతారు, అప్పుడు మూడో వారంలో ఒకటి, ఏడో వారంలో ఒకటి. మూడు కోర్సులు తీసుకున్నావంటే మూడో వారం మొదలుకొని ఎనిమిదో వారం దాకా ఏదో ఒక పరీక్ష ఉంటూనే ఉంటుంది. థ్యాంక్స్‌గివింగ్ సెలవులు తొమ్మిదో వారం దగ్గర పడతాయి. రూమ్‌మేట్లు లాస్ వేగాస్ ప్లాన్ వేస్తుంటే నువ్వు ప్రాజెక్టు రిపోర్టు పట్టుకుని కూర్చుంటావు.

శుక్రవారం రాత్రులు ఎలా ఉండేవంటే, హోమ్‌వర్క్‌కి గడువు 11:59. రాసింది ఫోన్‌తో స్కాన్ చేసి, పీడీఎఫ్ గ్రేడ్‌స్కోప్ అనే సైట్‌లో ఎక్కించి, ఏ ప్రశ్నకి జవాబు ఏ పేజీలో ఉందో ఒక్కొక్కటీ గుర్తు పెట్టాలి. అది మర్చిపోతే మార్కులు పోతాయి. 11:50 దాటాక లైబ్రరీలో ఆ ఫ్లోర్ అంతా నిశ్శబ్దంగా ఇదే పని.

మనవాళ్లకి దెబ్బ ఇక్కడే తగులుతుంది. మనం మిడ్స్‌కి రెండు రోజుల ముందు పుస్తకం తెరిచి, ఎండ్ సెమ్‌కి ప్రిపరేషన్ హాలిడేస్‌లో ఇంపార్టెంట్ క్వశ్చన్ల జిరాక్స్ తిరగేసి గట్టెక్కినవాళ్లం. క్వార్టర్‌లో ఆ ఆఖరి పది రోజులు అనేవే ఉండవు. శుక్రవారం ఆఖరి క్లాసు, సోమవారం ఫైనల్. జ్వరమొచ్చి ఒక వారం మంచం పట్టావంటే కోర్సులో పదో వంతు పోయినట్టే.

అలాగని భయపడి మానుకోవద్దు. అర్థంకాని ప్రొఫెసర్ పది వారాల్లో వదిలిపోతాడు. ఏడాదికి ఆరు కోర్సుల బదులు తొమ్మిది రుచి చూడొచ్చు. కంప్యూటర్ విజన్ మన వల్ల అవుతుందా కాదా అన్నది డిసెంబర్‌కే తెలిసిపోతే జనవరిలో సిస్టమ్స్ వైపు మళ్లొచ్చు. నన్నడిగితే క్వార్టరే.

ఓరుగల్లు_ఆడపడుచు

పైన అన్న చెప్పిన టైమ్‌టేబుల్ నిజమే, మా చెల్లి అలాంటి చోటే చదివింది. కానీ చివర్లో ఇచ్చిన తీర్పు నాకు ఒప్పుదల కాదు.

నాది డల్లాస్ దగ్గర, సెమిస్టర్. 15 వారాలు అంటే తీరిక అనుకోకండి. నా డేటాబేస్ కోర్సులో ప్రాజెక్టు సెప్టెంబర్‌లో ప్రపోజల్‌తో మొదలైంది. మొదట అనుకున్న డిజైన్ అక్టోబర్‌లో పనికిరాదని తేలింది, మొత్తం మార్చాం, నవంబర్‌లో ఒక రూపానికి వచ్చింది. నెల రోజులు తప్పుదారిలో వెళ్లి వెనక్కి రావడానికి ఆ క్యాలెండర్‌లో చోటుంది. మా చెల్లికి ఆ అవకాశమే లేదు. మూడో వారంలో అనుకున్నదే పదో వారంలో అప్పజెప్పాలి, బాగున్నా బాగోకపోయినా. రెజ్యూమెలో చూపించుకునే ప్రాజెక్టులు ఏ పద్ధతిలో వస్తాయో ఆలోచించు తమ్ముడూ.

ఇంకొకటి. ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) పని కావాలన్నా, రికమెండేషన్ లెటర్ కావాలన్నా ప్రొఫెసర్‌కి మన ముఖం గుర్తుండాలి. ఆఫీస్ అవర్స్‌కి వెళ్లడానికి మనవాళ్లకి మొహమాటం పోయేసరికే ఐదారు వారాలు పడుతుంది. సెమిస్టర్‌లో అప్పటికి ఇంకా సగం పైనే ఉంటుంది. క్వార్టర్‌లో ఆయన పేరు పెట్టి పిలిచే సమయానికి కోర్సు అయిపోతుంది.

లాహోయా_అల

అక్కా, ప్రాజెక్టు సంగతి ఒప్పుకుంటాను. కాకపోతే చాలా చోట్ల పెద్ద ప్రాజెక్టు కోర్సుల్ని రెండు క్వార్టర్ల జతగా పెడతారు, 1 చదివితే 2 కూడా తీసుకోవాలి. ఆ జంట కోర్సులు ఉన్న డిపార్ట్‌మెంటేనా కాదా అన్నది తణుకు తమ్ముడు క్యాటలాగ్‌లో చూసుకోవాలి. లేకపోతే నువ్వన్నదే జరుగుతుంది.

ప్రొఫెసర్ గుర్తుండడం గురించి మాత్రం, అదే ప్రొఫెసర్ దగ్గర వరసగా రెండో కోర్సు తీసుకుంటే సరిపోతుంది.

లెక్కల_మాస్టారు

అమెరికా సంగతి నాకు తెలియదు. నేను తెలంగాణలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను. కానీ క్యాలెండర్ మారితే ఏమవుతుందో కళ్లారా చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

మాకు 2016-17లో సెమిస్టర్లు వచ్చాయి. దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో డిగ్రీ అడ్మిషన్లు మొదలైంది కూడా ఆ ఏడే. అంతకు ముందు ఏడాదికొకటే పరీక్ష, వేసవి మొదట్లో. పిల్లలు జనవరి దాకా నిశ్చింతగా ఉండి, ఆ తర్వాత గైడ్లు కొనేవాళ్లు. దానికి మందుగా సెమిస్టర్ తెచ్చారు. ఉద్దేశం మంచిదే. ఏడాదంతా చదువుతారు, ఒకేసారి మొత్తం సిలబస్ మోయనక్కర్లేదు అన్నారు.

జరిగింది వేరు. మాది అనుబంధ కాలేజీ. పాఠం చెప్పేది నేను, పేపర్ ఇచ్చేది ఇంకెవరో, దిద్దేది మరొకరు. ఒక యూనివర్సిటీ కింద వందల కాలేజీలు. ఒక్కో సెమిస్టర్‌కీ పేపర్ సెట్టింగ్, ప్రింటింగ్, సెంటర్ల కేటాయింపు, స్క్వాడ్‌లు, జవాబు పత్రాల బండిళ్లు, వాటికి కోడ్ నంబర్లు వేయడం, స్పాట్ వాల్యుయేషన్, ఫలితాలు, రివాల్యుయేషన్, బ్యాక్‌లాగ్ పరీక్షలు. ఏడాదికొకసారి చేసే తతంగం ఏడాదికి రెండుసార్లయింది. స్పాట్‌కి లెక్చరర్లు వెళ్తే ఇక్కడ క్లాసులు ఆగుతాయి. మొదటి సెమిస్టర్ పరీక్షలు వాయిదా పడితే రెండో సెమిస్టర్ కుంచించుకుపోతుంది. కాగితం మీద తొంభై పనిదినాలు కనిపిస్తాయి, అందులో పాఠం జరిగినవెన్నో అడక్కండి. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఆఖరి యూనిట్ పరుగుల మీద చెప్పి పంపాను, ఒక్కసారి కాదు.

అందుకే నా మాట ఏమిటంటే, పాఠం చెప్పినవాడే పేపర్ ఇచ్చి, వాడే దిద్ది, వారంలో మార్కులు పెట్టగలిగే చోట 10 వారాలైనా నడుస్తుంది, 15 వారాలైనా నడుస్తుంది. అది లేని చోట క్యాలెండర్ ఎన్ని ముక్కలు చేస్తే అన్ని పరీక్షలు పెరుగుతాయి, చదువు పెరగదు. మీరు చర్చిస్తున్న క్వార్టర్ పద్ధతి మా దగ్గర పెడితే ఒక క్వార్టర్ ఫలితాలు వచ్చేసరికి తర్వాతి క్వార్టర్ కూడా అయిపోతుంది.

కంది_కుర్రోడు

మాస్టారూ, మన దగ్గరే నడుస్తున్న చోట్లు ఉన్నాయి కదా. ఐఐటీ హైదరాబాద్‌లో సెమిస్టర్‌ని సెగ్మెంట్లుగా విడగొట్టి చిన్న చిన్న క్రెడిట్ల కోర్సులు పెడతారు, ఫ్రాక్టల్ పద్ధతి అంటారు. కొన్ని కోర్సులు సెమిస్టర్ మధ్యలోనే అయిపోతాయి, కొత్తవి మొదలవుతాయి. విశాఖ ఐఐఎంలో ఎంబీఏ రెండేళ్లకి ఆరు టర్మ్‌లు. గచ్చిబౌలి ఐఎస్‌బీలో ఏడాదిలో ఎనిమిది టర్మ్‌లు. ఎవరూ చచ్చిపోలేదు.

లెక్కల_మాస్టారు

నేను చెప్పిందీ అదే నాయనా. నువ్వు చెప్పిన మూడు చోట్లా చెప్పినవాడే దిద్దుతాడు.

పాత_పేపర్లు

చరిత్ర అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. క్వార్టర్ పద్ధతి షికాగో యూనివర్సిటీ మొదటి ప్రెసిడెంట్ విలియం రెయినీ హార్పర్ తలకాయలోంచి వచ్చింది. 1892లో ఆ యూనివర్సిటీ తలుపులు తెరిచినప్పుడే ఏడాదిని నాలుగు భాగాలు చేశాడు. వేసవిలో క్యాంపస్ ఖాళీగా పడి ఉండడం ఆయనకి నచ్చలేదు. విద్యార్థి ఏ క్వార్టర్‌లోనైనా చేరొచ్చు, ప్రొఫెసర్ ఏ క్వార్టర్‌లోనైనా సెలవు తీసుకోవచ్చు అన్నది ఆలోచన.

1960ల్లో కాలిఫోర్నియాలో పిల్లల సంఖ్య ఉప్పెనలా పెరిగినప్పుడు ఉన్న క్లాసు గదుల్నే ఏడాది పొడవునా వాడుకోవచ్చని మళ్లీ ఇది గుర్తొచ్చింది. అక్కడి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌ల్లో బర్క్‌లీ 1966లో క్వార్టర్‌కి మారింది, 1983లో తిరిగి సెమిస్టర్‌కి వచ్చేసింది. 2005లో పెట్టిన మెర్సెడ్ మొదటి నుంచీ సెమిస్టరే. మిగతా యూసీ క్యాంపస్‌లు లాస్ ఏంజెలెస్, శాన్ డియెగో, డేవిస్, అర్వైన్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, రివర్‌సైడ్ ఇప్పటికీ క్వార్టర్లలోనే ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్, నార్త్‌వెస్టర్న్, సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ కూడా.

మిగతా దేశం మాత్రం సెమిస్టర్ వైపే నడుస్తోంది. జార్జియా టెక్, మిన్నెసోటా 1999లో, నార్త్‌ఈస్టర్న్ 2003లో, ఒహాయో స్టేట్ 2012లో, రాచెస్టర్‌లోని ఆర్‌ఐటీ 2013లో మారాయి. కాలిఫోర్నియాలో ఇంకో ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థ కాల్ స్టేట్, దాని క్యాంపస్‌లు ఒక్కొక్కటే మారుతూ వచ్చి ఆఖరికి శాన్ లూయిస్ ఒబిస్పోలోని కాల్ పాలీ వంతు 2026 ఫాల్‌కి వచ్చింది. చుట్టుపక్కల కాలేజీలన్నీ ఒకే క్యాలెండర్‌లో ఉంటే బదిలీలు తేలిక, ఏడాదికి మూడుసార్లు చేసే రిజిస్ట్రేషన్, గ్రేడ్ల పని రెండుసార్లకి దిగుతుంది అన్నది వాళ్ల వాదన.

తమాషా ఏమిటంటే, ఇలా మారిన కాలేజీల లెక్కలు తీసి ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక పరిశోధన చేశారు, 2022లో అచ్చయింది. సెమిస్టర్‌కి మారాక నాలుగేళ్లలో డిగ్రీ పూర్తిచేసేవాళ్లు సుమారు 4 శాతం పాయింట్లు తగ్గారని తేల్చారు. ఒహాయో విద్యార్థుల రికార్డులు చూస్తే మొదటి ఏడాది గ్రేడ్లు పడిపోయాయి, తగినన్ని కోర్సులు తీసుకోవడం తగ్గింది, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకోవడం ఆలస్యమైంది. ఆఫీసుకి తేలికైనది విద్యార్థికి కూడా తేలిక కావాలని లేదు మరి.

ఓరుగల్లు_ఆడపడుచు

అది బ్యాచిలర్స్ పిల్లల సంగతి కదండీ. పద్దెనిమిదేళ్ల పిల్లాడు మేజర్ మార్చుకోవడం వేరు, ఏం చదవాలో రాసిచ్చి అడ్మిట్ తెచ్చుకున్న ఎంఎస్ విద్యార్థి వేరు. దీన్ని తెచ్చి తమ్ముడి కేసుకి అతికించకండి.

పాత_పేపర్లు

అతికించలేదమ్మా. సమాచారం చెప్పాను, అంతే.

క్యూపర్టినో_నాన్న

బ్యాచిలర్స్ మాట వచ్చింది కాబట్టి, ఇక్కడ పిల్లలున్న తల్లిదండ్రులకి ఒక హెచ్చరిక. మా ఊళ్లో డి ఆంజా, పక్కనే ఫుట్‌హిల్, రెండూ క్వార్టర్ కమ్యూనిటీ కాలేజీలు. రాష్ట్రంలో మిగతా కమ్యూనిటీ కాలేజీలు చాలావరకు సెమిస్టరే. రెండేళ్లు ఇక్కడ చదివి తర్వాత యూసీకి బదిలీ చేయించాలనుకునే మనవాళ్ల ఇళ్లు చాలానే ఉన్నాయి. ఫీజు ఎంత కలిసొస్తుందో అందరికీ తెలుసు, వరస కోర్సుల సంగతే తెలియదు.

కాల్‌క్యులస్ తీసుకోండి. సెమిస్టర్ కాలేజీలో మూడు కోర్సుల్లో అయ్యేది ఇక్కడ నాలుగు ముక్కలు. ఫిజిక్స్ కూడా ముక్కలే. ఒక వరసలో రెండు ముక్కలు ఇక్కడ, మిగతాది వేసవిలో ఇంకో సెమిస్టర్ కాలేజీలో చదువుదాంలే అనుకుంటే అక్కడి కోర్సు మధ్యలో ఎక్కడో అతుకుతుంది. చదివిన పాఠమే మళ్లీ చదవాలి, లేదా చదవని పాఠం మీద ముందుకెళ్లాలి. మావాడితో వరస మొత్తం ఒకేచోట పూర్తి చేయించాను. యూనిట్లు మార్చి లెక్కేసుకోవడం సులువే, పాఠాలు ఎక్కడ తెగాయో చూసుకోవడమే కష్టం. ఏ కోర్సుకి ఏది సమానమో అసిస్ట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చేరకముందే చూడండి.

బెజవాడ_బ్యాంకు

లోన్ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ల డెస్క్‌లో పనిచేశాను.

శాంక్షన్ మొత్తం ఒకటే అయినా డబ్బు ఒకేసారి వెళ్లదు. యూనివర్సిటీ ఇన్‌వాయిస్ వచ్చినప్పుడల్లా విడుదల చేస్తారు. సెమిస్టర్ అయితే ఏడాదికి రెండు విడతలు, క్వార్టర్ అయితే మూడు. ప్రతిసారీ ఇన్‌వాయిస్, విదేశాలకి డబ్బు పంపే ఏ2 ఫారం, సంతకాలు, ఆ రోజు డాలర్ రేటు, బ్యాంకు చార్జీలు. మీరు అక్కడ ఉంటారు కాబట్టి బ్రాంచి చుట్టూ తిరిగేది మీ నాన్నగారు. వింటర్ క్వార్టర్ ఫీజు గడువు డిసెంబర్, జనవరి మధ్య పడుతుంది. ఆ రోజుల్లో అక్కడ యూనివర్సిటీ ఆఫీసులు క్రిస్మస్ సెలవుల్లో ఉంటాయి. ఏ కాగితమైనా తక్కువైతే అడిగే దిక్కుండదు. ఇన్‌వాయిస్ నవంబర్‌లోనే తెప్పించుకుని బ్రాంచిలో ఇచ్చేస్తే టెన్షన్ ఉండదు.

లాభం కూడా ఉంది. వడ్డీ విడుదలైన డబ్బు మీదే లెక్కిస్తారు. మూడు విడతల్లో వెళ్తే కొంత భాగం ఆలస్యంగా వెళ్తుంది కాబట్టి వడ్డీ కాస్త తగ్గుతుంది. పెద్ద తేడా కాదు, ఫ్లైట్ టికెట్‌లో ఏ మూలకో సరిపోతుంది.

అసలు డబ్బు మిగిలేది చివర్లో. డిగ్రీకి ఇంకో రెండు కోర్సులు మిగిలిపోయాయనుకోండి. క్వార్టర్ వాడు ఒక క్వార్టర్ ఫీజు, మూడు నెలల అద్దె కట్టి బయటపడతాడు. సెమిస్టర్ వాడు నాలుగు నెలలకి పైగా ఉండాలి.

నానక్‌రామ్‌గూడ_క్యూ

వీసా కోణం కూడా చూడండి. సెమిస్టర్ అయితే ఆగస్టు మూడో వారానికి అక్కడ ఉండాలి, క్వార్టర్ అయితే సెప్టెంబర్ చివరికి. హైదరాబాద్‌లో స్లాట్లు దొరకని ఏడాది ఆ నెల రోజులే ప్రాణం. 2025 మే చివర్లో కొత్త ఇంటర్వ్యూ అపాయింట్‌మెంట్లు ఇవ్వడం ఆపేసి జూన్‌లో మళ్లీ మొదలుపెట్టారు. అప్పుడు ఆగస్టు వాళ్లు డిఫర్ చేసుకోవాలా అని తలలు పట్టుకుంటే సెప్టెంబర్ వాళ్లకి ఇంకో ప్రయత్నానికి వ్యవధి ఉంది. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందుగా అమెరికాలో అడుగు పెట్టనివ్వరన్నది ఇద్దరికీ ఒకటే.

తణుకు_కుర్రాడు

అందరికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. బెజవాడ గారూ, ఇన్‌వాయిస్ సంగతి నాన్నగారికి చదివి వినిపించాను, తిరగడానికి ఆయన రెడీ.

ఇంటర్న్‌షిప్ గురించి ఎవరైనా చెప్పండి. కాలిఫోర్నియా వాళ్లకి జూన్ మధ్య దాకా క్లాసులుంటే కంపెనీలు మే నుంచే తీసుకుంటాయి కదా, మనం వెనకబడమా?

సియాటిల్_చినుకు

క్వార్టర్ యూనివర్సిటీలో చదివి ఇప్పుడు మా టీమ్‌కి ఇంటర్న్‌లని ఇంటర్వ్యూ చేస్తున్నాను. రెండు వైపులా చూశాను కాబట్టి చెప్తాను.

మే మధ్యలో మొదలయ్యే బ్యాచ్, జూన్ మధ్యలో మొదలయ్యే బ్యాచ్, రెండూ వెస్ట్ కోస్ట్ పెద్ద కంపెనీల్లో మామూలే. ఈ చుట్టుపక్కల క్వార్టర్ స్కూళ్లు ఇన్ని ఉన్నాయి మరి. అయితే తూర్పు వైపు కొన్ని చిన్న కంపెనీలు, బ్యాంకులు ఒకే తేదీ పెడతాయి. అక్కడ ఆఫర్ వచ్చినప్పుడు "జూన్ మూడో వారంలో చేరొచ్చా" అని మొదట్లోనే అడిగెయ్యాలి. మన పిల్లలు ఆఫర్ పోతుందేమోనని అడగరు, మేలో అడుగుతారు. అప్పుడు నిజంగానే చిక్కు.

12 వారాల ఇంటర్న్‌షిప్ ఇద్దరికీ పడుతుంది. మే మధ్యలో చేరినవాడు ఆగస్టు మొదట్లో ముగించి క్లాసులకి పరిగెత్తాలి. జూన్‌లో చేరినవాడికి సెప్టెంబర్ మొదట్లో ముగిశాక ఇంకా రెండు మూడు వారాలు చేతిలో ఉంటాయి. రెండు వారాలు పొడిగిస్తారా అని మేనేజర్ అడిగితే సరే అనగలడు.

వెనకబడేది వేరే చోట. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌ల అప్లికేషన్లు ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లోనే తెరుచుకుంటాయి. సెమిస్టర్ వాడు అప్పటికే క్యాంపస్‌లో ఉండి సెప్టెంబర్ కెరీర్ ఫెయిర్‌కి రెజ్యూమె పట్టుకెళ్తాడు. నువ్వు ఆ సమయానికి తణుకులో సూట్‌కేస్ సర్దుకుంటూ ఉంటావు. ఇక్కడికొచ్చి నిలదొక్కుకునేసరికి నాలుగో వారం, మిడ్‌టర్మ్‌లు. కోడింగ్ రౌండ్లు, మిడ్‌టర్మ్‌లు ఒకే వారంలో పడతాయి, ఇదే అసలైన నరకం. విరుగుడు ఒక్కటే. ఆగస్టులో ఇంటి దగ్గర ఉన్నప్పుడే అప్లికేషన్లు పెట్టెయ్. యూనివర్సిటీ మెయిల్ ఐడీ అప్పటికే వచ్చి ఉంటుంది.

చదువుతుండగా ఇంటర్న్‌షిప్ చేయడానికి ఇచ్చే అనుమతి సీపీటీ, దానికి ఒక అకడమిక్ ఇయర్ పూర్తి కావాలి. ఫాల్‌లో చేరితే రెండు సెమిస్టర్లయినా మూడు క్వార్టర్లయినా వేసవికి అది తీరిపోతుంది. ఇబ్బంది జనవరిలో చేరేవాళ్లకి. వాళ్లకి మొదటి వేసవి వచ్చేసరికి ఒక సెమిస్టరే అయి ఉంటుంది. నీది ఫాల్ కాబట్టి దిగులు లేదు.

క్వార్టర్‌లో డిసెంబర్, మార్చి, జూన్, మూడు చోట్ల డిగ్రీ ముగించొచ్చు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం చేయడానికి ఇచ్చే అనుమతి ఓపీటీకి ప్రోగ్రాం ముగియడానికి 90 రోజుల ముందు నుంచి అప్లై చేయొచ్చు కాబట్టి ఉద్యోగం పరిస్థితి చూసుకుని ఒక క్వార్టర్ ముందుకీ వెనక్కీ జరుపుకునేవాళ్లున్నారు. హెచ్-1బీ లెక్క వేసుకుని మాత్రం కాలేజీ ఎంచుకోవద్దు. ఆ నియమాలు నువ్వు డిగ్రీ పూర్తి చేసేలోపు ఎన్నిసార్లు మారతాయో.

కోనసీమ_కొబ్బరి

అన్నీ చెప్పారు, సంక్రాంతి సంగతి ఎవరూ చెప్పలేదు. సెమిస్టర్ వాడికి డిసెంబర్ మధ్యలో ఫైనల్స్ అయితే మళ్లీ క్లాసులు చాలా చోట్ల జనవరి మూడో వారం దగ్గర. భోగి, సంక్రాంతి చూసుకుని కనుమ నాడు ఫ్లైట్ ఎక్కొచ్చు. క్వార్టర్ వాడికి జనవరి మొదటి వారంలోనే క్లాసులు. వాడు వీడియో కాల్‌లో గొబ్బెమ్మలు చూడాల్సిందే. ఉగాది మార్చిలో వస్తే వింటర్ ఫైనల్స్, లేదంటే స్ప్రింగ్ మొదలు.

లాహోయా_అల

తమ్ముడు చదువుకోడానికి వెళ్తున్నాడా, కోడిపందేలకా?

కోనసీమ_కొబ్బరి

చదువుతో పాటు అమ్మ కూడా ఉంటుంది కదా అన్నా. మా అమ్మ ఐ-20 చూడలేదు, క్యాలెండరే చూసింది.

టీఏ_తిప్పలు

ఒక మాట. టీఏగా (టీచింగ్ అసిస్టెంట్) పనిచేసి ఫీజు తగ్గించుకుందామనుకునేవాళ్లకి: క్వార్టర్‌లో టీఏ ఉద్యోగం పది వారాలది. ప్రతి క్వార్టర్‌కీ మళ్లీ అప్లికేషన్, మళ్లీ ఎదురుచూపు. ఫాల్‌లో ఉన్నది వింటర్‌లో ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా నీ మిడ్‌టర్మ్ వారమూ, నువ్వు నూట ఇరవై మంది పేపర్లు దిద్దాల్సిన వారమూ ఒకటే అవుతాయి. మరోపక్క ఏడాదికి మూడుసార్లు ఖాళీలు వస్తాయి కాబట్టి ఫాల్‌లో దొరకనివాడికి జనవరిలో తలుపు తడితే దొరికే అవకాశం ఉంది. నాకు అలాగే దొరికింది.

ఓరుగల్లు_ఆడపడుచు

కోవిడ్ సమయంలో మాత్రం క్వార్టర్ వాళ్ల అదృష్టం చూసి కుళ్లుకున్నాను. 2020 మార్చిలో వాళ్లకి వింటర్ ముగింపుకొచ్చింది, ఫైనల్స్ ఆన్‌లైన్‌లో రాసి, స్ప్రింగ్‌ని మొదటి నుంచీ ఆన్‌లైన్‌గానే మొదలుపెట్టారు. మాకు సెమిస్టర్ నడిమధ్యలో తెగింది. సగం పాఠాలు బోర్డు మీద, సగం జూమ్‌లో, ల్యాబ్ ఉన్నవాళ్ల బాధ చెప్పనక్కర్లేదు. అయినా నా ఓటు సెమిస్టర్‌కే, ముందే చెప్తున్నా.

తణుకు_కుర్రాడు

టెక్సాస్ డిపార్ట్‌మెంట్ క్యాటలాగ్, కాలిఫోర్నియా క్యాటలాగ్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. కాలిఫోర్నియాలో సిస్టమ్స్ ప్రాజెక్టు కోర్సు రెండు క్వార్టర్ల జతగానే ఉంది. అక్క చెప్పిన అభ్యంతరం అక్కడికి కొంత తగ్గినట్టే. మనసు కాలిఫోర్నియా వైపు మొగ్గుతోంది, డిపాజిట్‌కి ఇంకా గడువుంది. ఒకవేళ అక్కడికే వెళ్తే మొదటి క్వార్టర్‌కి ఏం తీసుకోమంటారు? మూడూ గట్టి కోర్సులు వేసుకుంటే మంచిదా?

లాహోయా_అల

వద్దు. ఒకటి గట్టిది, ఒకటి బీటెక్‌లో చదివినదానికి దగ్గరగా ఉండేది, మూడోది సెమినార్ లాంటిది. ఫుల్‌టైమ్‌కి ఎన్ని యూనిట్లు కావాలో మాత్రం ఇంటర్నేషనల్ ఆఫీసు పేజీలో చూసుకో, అంతకంటే తగ్గితే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి ఇబ్బంది. మెషీన్ లెర్నింగ్ మొదటి క్వార్టర్‌లోనే కావాలంటే ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా జూలైలోనే తిరగెయ్. అక్కడ మొదటి వారంలో గుర్తు చేస్తారంతే, నేర్పరు. ఇంకోటి, డ్రాప్ గడువు తేదీ. కొన్ని చోట్ల రెండో వారం, కొన్ని చోట్ల నాలుగో వారం. ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ (కోర్సు మధ్యలో వదిలేశాడన్న గుర్తు) పడకుండా ఎప్పటిదాకా వదిలేయొచ్చో యూనివర్సిటీ క్యాలెండర్‌లో ఉంటుంది. ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకుని, దానికి రెండు రోజుల ముందు మూడు కోర్సుల హోమ్‌వర్క్ మార్కులూ చూసి నిర్ణయించుకో.

సియాటిల్_చినుకు

రిజిస్ట్రేషన్ కిటికీ ఎప్పుడు తెరుస్తారో కూడా చూసుకో. చాలామందికి వేసవిలోనే తెరుస్తారు, అక్కడ పొద్దున 8 అంటే మనకి రాత్రి 8:30. అందరూ అడిగే కోర్సులు ఆ మొదటి గంటలోనే నిండిపోతాయి.

తణుకు_కుర్రాడు

సరే అన్నా, రాసుకున్నాను. రూమ్‌మేట్లు, లీజు సంగతి కూడా అడుగుదామనుకుంటున్నా. సెప్టెంబర్ నుంచి తీసుకుంటే వేసవిలో ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరు వెళ్లినప్పుడు సబ్‌లీజ్‌కి ఎవరైనా దొరుకుతారా?

నిర్వాహకుడు

దానికి కొత్త చర్చ మొదలుపెట్టండి తణుకు గారూ, అక్కడైతే శాన్ డియెగో, అర్వైన్ వాళ్లు కూడా చూస్తారు. ఇది క్యాలెండర్ వరకే ఉంచుదాం.